ఉచితముగా నిత్తుము, చౌకగా నమ్మము

స్త్రీల చేతిపనులను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. అవి గృహమునకు అలంకారములనుట యొకటి. తీరికవేళలను సద్వినియోగము చేయుననుట రెండవది. రెండును సత్యములే. కాని ఆ రెండు మాటలతోనే ప్రస్తావము ముగియుట మాకు తృప్తికరముగా లేదు. ఒక స్త్రీ అల్లిన వస్తువు మఱియొకరి చేతికి వచ్చినపుడు దానితోకూడ ఆమె విద్య వచ్చుచున్నది, ఆమె కాలము వచ్చుచున్నది. ఇందు దేనిని ఉచితముగా పుచ్చుకొనవచ్చును? దేనికి వెల చెల్లింపవలెను? మా మనూరులో కొందఱము స్త్రీలము చేరి ఊలు అల్లుకొనుచుండగా ఈ ప్రశ్న మా యెదుటికి వచ్చినది. దానికి మేము చెప్పుకొన్న సమాధానమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

సూదియు దారమును పట్టుట మన స్త్రీలకు క్రొత్త గాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో సూచీవానకర్మములును సూత్రక్రీడయు గలవు. ఋగ్వేదమున ఒక ఋషి రాత్రిని, ఉషస్సును ఇద్దఱు నేతకత్తెలుగా భావించి, సాచిన దారమును వారిరువురును కలసి నేయుచున్నట్లు వర్ణించెను. ఆ భావనలో మాకు మిక్కిలి నచ్చినది ఆ 'కలసి' యనుటయే.

అయితే రెండు సూదులతో ఊలు అల్లుట నేత గాదు. నేతలో పడుగు వేఱు, పేక వేఱు. ఈ యల్లికలో నున్నది ఒక్కటే దారము. ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చును లాగుచు పోవుటయే దీని రహస్యము. అందుచేతనే అల్లిన బట్ట సాగును, ఒంటికి హత్తుకొనును. అందుచేతనే ఒక్క ఉచ్చు సూదినుండి జాఱినచో దాని క్రింది వరుసలన్నియు నిచ్చెనమెట్లవలె విడిపోవును. నేతతో పోల్చినచో ఇది చిన్నవయస్సు విద్య. ఇంతవఱకు దొఱకిన మిక్కిలి ప్రాచీనములైన అల్లికముక్కలు ఈజిప్టు దేశమునందలివి. వాని వయస్సు సుమారు వేయేండ్లు.

మనూరు సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడు ప్రాంతమునందలి గ్రామము. మంజీరానది మాకు దూరము గాదు. కర్ణాటకపు సరిహద్దును దూరము గాదు. అందుచే మా వీథులలో తెలుగుతోపాటు కన్నడమును, ఉర్దూయు, మరాఠీయు వినబడును. చుట్టుపట్ల తండాలలో లంబాడీ భాష పలుకుదురు. చలికాలమున ఈ జిల్లా పశ్చిమభాగము తెలంగాణములో మిక్కిలి చల్లని చోట్లలో నొకటి. కోహీరు, న్యాల్కల్ ప్రాంతములలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు దిగుట తఱచుగా జరుగును. కావున ఊలు టోపీ, చేతుల స్వెట్టరు ఇచ్చట వేడుకవస్తువులు మాత్రమే గావు.

మేము ఏడెనిమిదిమందిమి మధ్యాహ్నము భోజనములై, పాత్రలు తోమి సర్దిన పిమ్మట, పిల్లలు బడినుండి వచ్చులోపల ఒకరి యింటి అరుగుమీద గూడుకొందుము. ఒకామె మేజోడు మడమ త్రిప్పుటలో నేర్పరి. ఒకామెకు కొక్కెపుసూదితో పూవులల్లుట వచ్చును. ఒకామె యెట్టి చిక్కునైనను విప్పగలదు. ఆమె ఓర్పు చూచినచో మాకందఱకు సిగ్గు కలుగును. మా మాటలును మాప్రాంతపు మాటలే. కుట్టు ముందువైపునుండి తీసినచో 'సీదా', వెనుకవైపునుండి తీసినచో 'ఉల్టా'. ఈ రెండు మాటలు తెలిసినచో అల్లిక వ్యాకరణము సగము వచ్చినట్లే. తక్కినదంతయు వీని సంధులును సమాసములును.

మా నమూనాలన్నియు ఒక గళ్ల పుస్తకములో గలవు. అది బడిపిల్లలు లెక్కలు వ్రాసికొను పుస్తకమే. ఒక్కొక్క గడి యొక్కొక్క కుట్టు. ఖాళీ గడి సీదా, చుక్క పెట్టిన గడి ఉల్టా, అడ్డగీత గీచిన గడి రెండు కుట్లు ఒకటిగా కలుపుట. పుస్తకము వారమున కొక యింటికి పోవును. తీసికొనిపోయినవారు క్రొత్త నమూనా ఒకటి చేర్చియే తిరిగి యియ్యవలెనని నియమము. ఆరంభమున మాకొక సందేహముండెను: మాలో ఇద్దఱకు అక్షరములు రావు, వారెట్లు చదువుదురు? చూడగా వారే మాకన్న వేగముగా చదివిరి. ఏలయనగా వారు బాల్యమునుండి పదునైదు చుక్కల ముగ్గును ఒక్కచూపున గ్రహించి వాకిట దింపిన చేతులవారు. గళ్ల పటము వారికి ముగ్గే. కన్నడమింటి కోడలికిని, తండానుండి వచ్చు సోదరికిని, మాకును ఆ పుస్తకము ఏకభాష యైనది. కుట్టుపనిలో తరతరముల నేర్పుగల ఆ తండా సోదరి తన రవికెమీది అద్దాల అంచును గళ్లలోనికి దింపి యిచ్చినది. ఆ పుటయే మా పుస్తకములో అందమైనది.

ఇక ఊలును గూర్చి. అంగడిలో నమ్ము ప్రతి యుండను మనము 'ఊలు' అనియే పిలుచుచున్నాము గాని, అందు చాలభాగము ఆక్రిలిక్, అనగా రాతినూనెనుండి పుట్టించిన కృత్రిమపు నార. సందేహమైనచో ఒక పోగు త్రెంచి, పట్టకారుతో పట్టుకొని దీపమున చూపుడు. నిజమైన ఉన్నియైనచో వెండ్రుకలు కాలిన వాసన కొట్టి, వ్రేళ్లతో నలుపగా బూడిదయగును. ఆక్రిలిక్ అయినచో కరగి గట్టి పూసవలె నగును. అందుచేతనే ఆక్రిలిక్ స్వెట్టరు తొడిగిన పిల్లలను పొయ్యిదగ్గఱకు పోనీయరాదు. ఉతుకుటకు మాత్రము అది సులభము, వెల తక్కువ.

కొనునపుడు ఉండలమీది కాగితముపై రంగు పేరేగాక లాటు నంబరును గూడ చూడవలెను. ఒకే రంగైనను వేఱువేఱు తొట్లలో అద్దినచో ఛాయ మాఱును; స్వెట్టరు పూర్తియైన పిదప ఎండలో ఒక చేయి ముదురుగాను ఒక చేయి లేతగాను కనబడును. పాత స్వెట్టరు విప్పిన ఊలును పాఱవేయరాదు. దానిని కుర్చీ వీపునకు చుట్టి చిలపగా చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీట తడిపి, కొంచెము బరువు తగిలించి నీడను ఆరవేసినచో ముడుతలు పోయి క్రొత్తదానివలె వచ్చును. మిగిలిన తుంపులను తూచి మార్చుకొందుము. 20 గ్రాముల ఎఱుపు ఇచ్చినవారికి 20 గ్రాముల నీలము. ఇందు మా తరాజు బంగారపు తరాజుకన్న నిక్కచ్చి యైనది. స్నేహము నిలుచుటకు అదియు నొక కారణమే.

దారము పుట్టుకను మాకు చూపినవారు ఒక కురుమవారి అవ్వగారు. మా తెలంగాణపు నల్లగొంగడి దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో నేయబడునని చదువరులెఱుగుదురు. ఉన్నిని ఏకి స్త్రీలు దారము వడకుదురు. చింతగింజల గంజి పట్టించి గుంతమగ్గముమీద నేయుదురు. వానలో దానిమీద నీరు త్వరగా దిగదు, చలిలో వెచ్చదనము విడువదు. మాంసమునకై ఉన్నిలేని జాతుల గొఱ్ఱెలు పెరిగినకొలది ఈ నల్ల ఉన్ని తగ్గిపోయినది. అవ్వగారు కదురు త్రిప్పుట మాకు నేర్పిరి. "పోగు చెప్పినట్టు చెయ్యి ఇనాలె బిడ్డా, చెయ్యి చెప్పినట్టు పోగు ఇనది" అని యామె యనిన మాటలో ఆ విద్యయంతయు నిమిడి యున్నది. ఆ ఉన్ని గరుకు; ఒంటికి పనికిరాదు గాని, లావు సూదులతో అల్లగా కూర్చుండు ఆసనములు చక్కగా వచ్చినవి. నేర్పినందులకు ఆమె ఏమియు పుచ్చుకొనలేదు. తాను వడికిన దారమునకు మాత్రము వెల చెప్పి, లెక్క పెట్టి తీసికొన్నది. విద్యకు వెల లేదు, శ్రమకు గలదు అను భేదమును మేము మొదట ఆమె దగ్గఱనే చూచితిమి.

మేము అందఱమును కలసి చేయుపని యొకటి గలదు. అది అప్పుడే పుట్టిన శిశువులకు టోపీలల్లుట. పసికందు తలనుండి వేడిమి త్వరగా పోవును. తల కప్పియుంచుమని వైద్యులు చెప్పుదురు. ప్రసవమునకు పోవు పేద తల్లులకు ఈ టోపీలను ఊరక యిచ్చుచున్నాము. విధానమును చదువరులకు గూడ నిచ్చుచున్నాము. ఎవరైనను అల్లవచ్చును, ఎవరికైనను నేర్పవచ్చును.

8వ నంబరు సూదులు, అనగా 4 మిల్లీమీటర్ల లావు గలవి, మెత్తని మధ్యరకపు ఊలు 30 గ్రాములు తీసికొనుడు. 72 కుట్లు ఎక్కింపుడు. రెండు సీదా, రెండు ఉల్టా చొప్పున 3 సెంటీమీటర్లు అల్లినచో సాగునట్టి అంచు వచ్చును. పిదప ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా, అంచుతో కలిపి 10 సెంటీమీటర్ల ఎత్తు వచ్చువఱకు అల్లుడు. ఇక తగ్గింపు. సీదా వరుసలో 6 కుట్లు అల్లి, తరువాతి 2 కుట్లను ఒకటిగా కలుపుడు. వరుస చివరవఱకు ఇట్లే చేసినచో 72 కుట్లు 63 అగును. ఉల్టా వరుసను తగ్గింపక అల్లుడు. తరువాతి సీదా వరుసలో 5 అల్లి 2 కలుపుడు. ఇట్లు ప్రతి సీదా వరుసలో నడిమి కుట్లను ఒక్కొక్కటి తగ్గించుచు పోగా 54, 45, 36, 27, 18 గా దిగి, చివర రెండేసి కుట్లు కలుపగా 9 మిగులును. దారము త్రెంచి, కుట్టుసూదికి ఎక్కించి, ఆ 9 కుట్లలోనుండి దూర్చి బిగించి, ప్రక్క అంచులను కలిపి కుట్టుడు. ఉతికి ఆరవేసి యిండు. శిశువు టోపీకి కుచ్చులు, గుండీలు, కట్టుత్రాళ్లు పెట్టరాదు. అవి ఊడి నోటబడవచ్చును, లేదా మెడకు చుట్టుకొనవచ్చును.

ఈ టోపీల వార్త విని ఒకనాడు పట్టణమునుండి ఒక సేటు వచ్చెను. ఊలు తానే యిచ్చుననియు, టోపీ యొక్కంటికి 15 రూపాయలు ముట్టజెప్పుననియు, ఎన్ని యల్లినను కొనుననియు చెప్పెను. "ఖాళీగనే కూసుంటరు గదమ్మా, నాలుగు పైసలొస్తయి" అని యాతని మాట. మర్యాదగనే యనెను. కాని ఆ 'ఖాళీ' యను మాట మాలో కొందఱకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

నాల్గుదినములు తర్కించుకొంటిమి. మాలో జీతగాండ్ర భార్యలము వలదంటిమి. అప్పుడు భర్తను కోల్పోయి, ఇద్దఱు పిల్లలను పెంచుకొనుచున్న చెల్లెలు ఇట్లనినది: "అక్కా, మీకు ఇది పొద్దుపోనికి. నాకు పిల్లల బుక్కులకు పైసలు. సున్న కంటె పదిహేను మేలు గద?" ఆ మాటకు వెంటనే జవాబీయగలవారము మాలో నెవరును లేకపోయిరి. కడుపునిండినవారి అభిమానము సులభము. ఆ చెల్లెలి ప్రశ్నకు లెక్కతో సమాధానము చెప్పవలెను గాని మాటతో గాదు.

కావున మఱునాడు గడియారము ముందు పెట్టుకొని అందఱమును ఒక్కొక్క టోపీ అల్లితిమి. మాలో మిక్కిలి వేగముగలామెకు 3 గంటలు పట్టినది. నిదానముగలామెకు 5 గంటలు. అనగా 15 రూపాయలకు, ఎంత వేగముగా నల్లినను, గంటకు 5 రూపాయలు. వంట, నీళ్లు, పిల్లలు పోగా దినమునకు రెండు టోపీలు దాటవు. నెలయంతయు మెడయు కన్నులును నొప్పించుకొన్నను తొమ్మిదివందల రూపాయలు.

ఈ లెక్క మాతోనే పుట్టినది గాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురపు లేసును గూర్చి వినని స్త్రీ యుండదు. పందొమ్మిదవ శతాబ్దిలో స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ దంపతులు సన్నని నూలుదారముతో, కొక్కెపుసూదితో లేసు అల్లుట అచ్చటి స్త్రీలకు నేర్పిరి. భద్రాచలము చేరువనున్న దుమ్ముగూడెమునందును లేసుపని మిషనువారివలననే వచ్చినది. నరసాపురమున అది పెద్ద వర్తకమై, లేసు విదేశములకు పోయినది. మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీల నడుమ పరిశోధనచేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు ఆమె చూపిన దిది: దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లు స్త్రీలు పనివారుగా లెక్కింపబడక, తీరికవేళ ఏదో చేసికొను గృహిణులుగా నెంచబడిరి. పని ముక్కలుగా విభజింపబడినది. పూవు అల్లునది ఒకతె, వానిని కలిపి అతుకుపని చేయునది మఱియొకతె. వర్తకుల చేతులు మాఱినకొలది వెల పెరిగినది, అల్లినదానికి మాత్రము స్వల్పపు కూలి దక్కినది. గృహిణి యను గౌరవపదమే ఆమె కూలిని తగ్గించు సాధనమైనది. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించుట సంతోషకరము. పేరునకు రక్షణ కలిగినది. చేతికి రక్షణ కలుగుట వేఱు సంగతి, దానిని చేతులుగలవారు ఎడతెగక అడుగుచునే యుండవలెను.

పూర్వులు ఈ సంగతి ఎఱుగనివారు గారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణమొకటి గలదు. వితంతువులు, కన్యలు మొదలగువారిచేత ఉన్ని, ప్రత్తి మున్నగువానిని వడకింపవలెననియు, నూలు సన్నమో, ముతకయో, మధ్యమమో చూచి కూలి నిర్ణయింపవలెననియు అందున్నది. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలద్వారా మర్యాదతో పని పంపవలెను. కూలి యిచ్చు కాలము దాటినచో అధికారికి మధ్యమసాహసదండము. ఇంటనుండి చేయుపని యనియు, స్త్రీలు చేయుపని యనియు కూలి యెగగొట్టుటకు అందు అవకాశమే లేదు. రెండువేల యేండ్లనాటి శాస్త్రము శ్రమగా నెంచినదానిని మనము ఖాళీసమయమని యేల యనవలెను?

సేటుకు మా లెక్క చూపి, టోపీకి 60 రూపాయల కూలి యడిగితిమి. "మిషను మీద ఇంకా చౌకగ అయితయమ్మా" అని నవ్వి వెడలిపోయెను. ఆతడు చెప్పినది అబద్ధము గాదు. యంత్రముతో వెలలో పోటీపడుట చేతికి సాధ్యము గాదు. చేతికి సాధ్యమైనది వేఱొకటి: ఫలానా పిల్లవాని భుజములకు సరిపోవునట్లు కొలత తీసికొని అల్లుట, మఱుసటి యేట చేతులు పొడిగించుట, పురుగు కొట్టినచోట తెలియకుండ పూడ్చుట. కావున మేమొక యేర్పాటు చేసికొంటిమి. ఊరిలో ఎవరైనను డబ్బిచ్చి అల్లించుకొన గోరినచో ఆ పని ముందుగా ఆ చెల్లెలికే పోవలెను. ఊలు వెల వేఱు, కూలి వేఱు, గంటల లెక్క చీటీమీద. వేడుకకై అల్లు మేము ఆమె కూలికన్న తక్కువకు ఎవ్వరికిని అల్లి యమ్మరాదు. బంధువునకు, స్నేహితురాలికి, పసికందునకు ఊరక యియ్యవచ్చును. మొదటి చలికాలమున ఆమెకు ఆఱు స్వెట్టర్ల పని వచ్చినది. అది జీవనాధారము గాలేదు. పిల్లల పుస్తకములు మాత్రము వచ్చినవి. మాలో ఒక పెద్దమ్మగారు, ఆ 15 రూపాయలు వదలుకొనుట తగదని నేటికిని అనుచున్నారు. ఆమె మాటను మేము త్రోసివేయలేదు. అవసరమెంతటిదో అనుభవించువారికే తెలియును.

అమ్మకమునకు ఇంత నిక్కచ్చియైనచో, ఈవికి అంత ధారాళముండవలెను. 2016 జనవరిలో చెన్నపట్టణమున సుబశ్రీ నటరాజన్ గారు స్థాపించిన 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అను బృందపు స్త్రీలు, ఎవరి యింట వారు అల్లిన ముక్కలను కలిపి, 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి చేసి గిన్నీసు పుస్తకమునకెక్కిరి. ఒక్కరివలన గానిది పలువురి ముక్కలవలన నైనది. అంతకన్నను మా మనస్సును తాకినది వేఱొకటి గలదు. రొమ్ము కాన్సరుచే శస్త్రచికిత్స పొందిన స్త్రీలకు, రొమ్ము స్థానమున ధరించుటకు మెత్తని నూలుతో అల్లిన తేలికయైన పూరకములను కొందఱు స్త్రీలు ఊరక యిచ్చుచున్నారు. 'నిటెడ్ నాకర్స్' అను పేర 2011లో అమెరికాలో ఆరంభమైన ఈ పని మన దేశమునకును వచ్చినది. నమూనా ఉచితము, అల్లిక ఉచితము, పుచ్చుకొనుట ఉచితము. అంగడి యెన్నడును సరిగా పట్టించుకొనని బాధను ఒక స్త్రీ చేయి మఱియొక స్త్రీకి తీర్చుచున్నది. ఇట్టి యీవివలన ఎవరి కూలియు తగ్గదు.

సోదరీమణులారా! నమూనాను దాచుకొనకుడు, దాచిన నమూనా దాచినవారితోనే పోవును. నేర్చినదానిని అడిగినవారికెల్ల నేర్పుడు. ఊలు తుంపులు మార్చుకొనుడు. కాని మీ పుస్తకములో ప్రతి నమూనా ప్రక్కను రెండంకెలు వ్రాసికొనుడు: ఎన్ని గ్రాముల ఊలు పట్టినది, ఎన్ని గంటలు పట్టినది. మేమట్లు వ్రాయ నారంభించిన పిమ్మట మా యిండ్లలోని పురుషులును ఆ రెండవ యంకెను చదివి, ఒక స్వెట్టరు వెనుక నలువది గంటలున్నవా యని ఆశ్చర్యపడుచున్నారు. ఊరక యిచ్చునపుడు గూడ ఆ గంటలను తెలిసియే యిత్తము. అప్పుడే అది దానమగును.